క్రిప్టో కరెన్సీ కొనడం, అమ్మడం, దాని ద్వారా ఇంటికి డబ్బు పంపడం: షరీఅత్ ఏమంటుంది?

రాయచోటి వాసి (ప్రశ్న)

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

మా ఇంట్లో చాలాకాలంగా తెగకుండా నడుస్తున్న ఒక చర్చను మీ ముందు పెడుతున్నాను. ధార్మిక విద్య అభ్యసించినవారూ, డబ్బు వ్యవహారాలను దగ్గరగా చూసినవారూ ఇక్కడ ఉన్నారు కనుక ఇద్దరి మాటా ఒకేచోట వినాలని నా కోరిక.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వడ్డీ ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఎవరూ దాని జోలికి పోరు. మిగిలిన డబ్బు ఇంతవరకూ బంగారంగానో, ఊళ్లో స్థలంగానో మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆఫీసులో నా ఈడువాళ్లు చాలామంది బిట్‌కాయిన్ కొంటున్నారు. ఇందులో వడ్డీ లేదు, మద్యం వ్యాపారం లేదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడాయే లాభం, కాబట్టి బంగారం కొన్నట్టే కదా అని వాళ్ల వాదన. మా మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగితే అది హరామ్ అనీ, పేరున్న దారుల్ ఇఫ్తాలు (ధర్మసందేహాలకు ముఫ్తీలు జవాబిచ్చే సంస్థలు) ఆ మాటే చెప్పాయనీ అన్నారు. మలేషియాలో పనిచేస్తున్న మా చిన్నాన్న కొడుకు మాత్రం అక్కడి షరీఅత్ సలహా మండలి దీన్ని అనుమతించిందని చెబుతున్నాడు. ఒకే ఖుర్ఆన్‌ను, ఒకే హదీసు గ్రంథాలను ముందు పెట్టుకున్న ఉలమా (ధర్మ పండితులు) ఇంత దూరమైన రెండు నిర్ణయాలకు ఎలా వచ్చారో నాకు అర్థం కావడం లేదు.

నా సందేహం కొనుగోలుతోనే ఆగదు. ఎక్స్ఛేంజీ యాప్ తెరిస్తే మామూలు కొనుగోలు పక్కనే ఫ్యూచర్స్ అనే విభాగం కనిపిస్తుంది. చేతిలో ఉన్న సొమ్ముకు ఎన్నో రెట్ల విలువకు అక్కడ బేరం పెట్టవచ్చు. మీ నాణేలను మా దగ్గర ఉంచితే ఏడాదికి ఇంత శాతం ఇస్తామనే పథకాలు మరోపక్క ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే హుకుమ్ (ధర్మనిర్ణయం) వర్తిస్తుందా?

అన్నిటికంటే త్వరగా తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. మా పెద్దన్న కువైట్‌లో ఉంటున్నాడు. మా కడప, రాయచోటి ప్రాంతాల నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఎందరో మీకు తెలుసు. టెథర్ అనే డాలర్ నాణెం రూపంలో పంపితే రుసుము తగ్గి, ఇక్కడ చేతికి ఎక్కువ రూపాయలు వస్తాయని అతని గదిలోని మిత్రులు చెబుతున్నారట. ఆ నాణేలను నేను ఇక్కడ ఎవరో ఒకరికి అమ్మి, రూపాయలను నా బ్యాంకు ఖాతాలో వేయించుకోవాలి. ఇంటి ఖర్చుల కోసం వచ్చే కష్టార్జితం కాబట్టి అందులో సందేహానికి కూడా చోటుండకూడదని మా అమ్మ పట్టుబడుతోంది. దయచేసి కారణాలతో సహా వివరించండి.

తాలిబె ఇల్మ్

వ అలైకుముస్సలామ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు. సోదరా, నేను ముఫ్తీని కాను, మదరసాలో ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) చదివినవాణ్ణి. నేను రాసేది ఫత్వా కాదు. పండితుల వాదనలను నాకు అర్థమైనంతలో మీ ముందు ఉంచుతున్నాను. నా మనసు నిషేధం వైపే మొగ్గుతుందని మాత్రం మొదటే చెబుతాను.

మీ ఇమామ్ సాహెబ్ చెప్పిన మాటకు బలమైన ఆధారాలే ఉన్నాయి. టర్కీ ధార్మిక వ్యవహారాల శాఖ దియానెత్ 2017 నవంబరులో, ప్రభుత్వ పర్యవేక్షణ లేకపోవడాన్నీ, ఊహాగానాల మీద ధర ఊగిసలాడడాన్నీ, అక్రమ ధనానికి దారి ఏర్పడడాన్నీ ప్రస్తావించి బిట్‌కాయిన్ క్రయవిక్రయాలు తగవని చెప్పింది. అప్పటి ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌకీ అల్లామ్ 2018 ఆరంభంలో ఇంచుమించు ఇవే కారణాలతో నిషేధ ఫత్వా ఇచ్చారు. మన దేశంలో దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ ఇచ్చిన సమాధానాలలో ఇది వాస్తవంలో ఉనికి లేని, కల్పిత స్వభావం గల వస్తువనీ, షరీఅత్ దృష్టిలో అమ్మకానికి తగిన సొత్తు లక్షణాలు దీనిలో లేవనీ ఉంది.

చాలామంది ఈ వాదనను కంటికి కనిపించదు కాబట్టి హరామ్ అన్నట్టుగా కుదించి చెబుతారు. అది పండితులకు చేసే అన్యాయం. విద్యుత్తు కంటికి కనిపించదు, సాఫ్ట్‌వేర్ చేతికి అందదు. అయినా వాటి అమ్మకాన్ని ఎవరూ కాదనలేదు, ఎందుకంటే కొన్నవాడు వాటితో ఒక పని జరుపుకుంటాడు. హనఫీ అనే ఫిఖ్‌హ్ సంప్రదాయంలో పండితుడైన ఇబ్ను ఆబిదీన్ మాల్, అంటే సొత్తు, అనేదాన్ని మనిషి స్వభావం దేనివైపు మొగ్గుతుందో, అవసరానికి దేన్ని దాచుకోవచ్చో అదే అని నిర్వచించారు. ఒక బిట్‌కాయిన్‌కు పలికే ధరను కాసేపు పక్కన పెట్టి చూడండి. తినడానికి, కట్టుకోవడానికి, దున్నడానికి, నివసించడానికి పనికిరాని ఒక లెక్కల పద్దు మాత్రమే మిగులుతుంది. రేపు మరొకరు ఇంకా ఎక్కువ ఇస్తారన్న ఆశ తప్ప దానిని కోరడానికి వేరే కారణం కనబడదు.

అలాగైతే కాగితపు నోటు సంగతేమిటని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన ఉపఖండపు ఉలమా నోటును కూడా మొదట్లో సొంత విలువ గల డబ్బుగా అంగీకరించలేదు. అది ప్రభుత్వం బాకీపడిన దానికి రసీదు మాత్రమేనని భావించినవారు, పేదవానికి నోటు ఇచ్చినంత మాత్రాన జకాత్ (తప్పనిసరి దానం) చెల్లదనీ, అతడు దానితో వస్తువు కొన్నప్పుడే చెల్లుతుందనీ చెప్పేవారు. మౌలానా అహ్మద్ రజా ఖాన్ 1906 ప్రాంతంలోనే నోటు స్వయంగా మాల్ అవుతుందని వాదించారు. వెండితో, బంగారంతో నోటుకున్న ముడి తెగిపోయిన తరువాత ఆ చర్చ క్రమంగా సద్దుమణిగింది. జిద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో, కాగితపు నోటు సంపూర్ణమైన ద్రవ్యమనీ, రిబా (వడ్డీ), జకాత్ నియమాలు దానికి పూర్తిగా వర్తిస్తాయనీ తీర్మానించింది. నోటును ఆ స్థానానికి చేర్చినవి రెండు: ప్రజలందరూ దాన్ని చెల్లింపుగా స్వీకరించడం, పాలకుడు దాని వెనుక నిలబడడం. బిట్‌కాయిన్‌కు రెండోది లేదు. మొదటిది చాలా స్వల్పం. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరులో దీన్ని చట్టబద్ధమైన చెల్లింపు సాధనంగా ప్రకటించి, ప్రజల వాడకం స్వల్పంగానే మిగలగా, ఐఎంఎఫ్ రుణ ఒప్పందం కోసం 2025 జనవరిలో తప్పనిసరి అంగీకారపు నిబంధనను తొలగించుకోవలసి వచ్చింది.

మరొకటి ఉంది, నన్ను ఎక్కువగా కలచివేసేది అదే. మద్యం, జూదాల గురించి అల్ బఖరా సూరా 219వ ఆయతు, వాటిలో జనానికి కొంత ప్రయోజనం ఉన్నా పాపమే అంతకంటే పెద్దదని చెబుతుంది. 2022 మేలో టెర్రా, లూనా నాణేలు కొద్ది రోజుల్లోనే కుప్పకూలినప్పుడు, అదే సంవత్సరం నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ దివాలా తీసినప్పుడు, లోకమంతటా చిన్న పొదుపరులు సర్వం పోగొట్టుకున్నారు. వాళ్లు ఏ వస్తువునూ తయారు చేయలేదు, ఎవరి అవసరాన్నీ తీర్చలేదు. ఒకరి నష్టమే మరొకరి లాభమైన చోట నిలబడ్డారు. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, ఆ రెంటి నడుమ సందిగ్ధమైనవి ఉన్నాయి, వాటి నుంచి తప్పుకున్నవాడు తన ధర్మాన్నీ పరువునూ కాపాడుకున్నాడు అన్న ప్రవక్త (స) బోధను నుమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించారు. మీ అమ్మగారి మనసులో ఉన్నది ఈ హదీసే అని నాకు అనిపిస్తోంది.

పెనాంగ్ నుంచి

అస్సలాము అలైకుమ్. నేను మలేషియాలో ఇస్లామీ బ్యాంకింగ్ చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్న నెల్లూరు వాడిని. తాలిబె ఇల్మ్ గారు ఎంతో న్యాయంగా రాశారు. అయినా ఆయన వాదనలో రెండు చోట్ల నేను గౌరవంతోనే విభేదిస్తాను.

మొదటిది అనిశ్చితి గురించి. గరర్‌తో (మితిమీరిన అనిశ్చితితో) కూడిన అమ్మకాన్ని ప్రవక్త (స) నిషేధించారన్న అబూ హురైరా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. అయితే ఫుఖహా (ధర్మశాస్త్ర పండితులు) దానికిచ్చిన ఉదాహరణలు నీటిలోని చేప, గాలిలోని పక్షి, తప్పించుకుపోయిన జంతువు, పుట్టని దూడ. అంటే అమ్మే వస్తువు ఉందో లేదో, ఎంత ఉందో, చేతికి ఇవ్వగలడో లేదో తెలియని బేరం. రేపు ధర ఎంత ఉంటుందో తెలియకపోవడం గరర్ కాదు. అదే గరర్ అయితే మిర్చి పండించే రైతు దగ్గర పంట కొని గిడ్డంగిలో పెట్టుకున్న గుంటూరు వ్యాపారి వ్యాపారమంతా హరామ్ కావాలి. బిట్‌కాయిన్ పరిమాణం నిర్దిష్టం, దాని మొత్తం సంఖ్య 2 కోట్ల 10 లక్షలు దాటదని నియమం, ఎవరి ఆధీనంలో ఉందో అందరికీ కనిపించే దాని డిజిటల్ ఖాతాపుస్తకంలో నిర్ధారించుకోవచ్చు, అమ్మినవాడు దాన్ని కొన్నవానికి నిమిషాల్లో అప్పగించగలడు. ధర పడిపోతుందన్న భయం తెలివైన మనిషి వెనకడుగు వేయడానికి చాలినంత కారణమే కాని, ఒప్పందాన్ని చెల్లకుండా చేసే కారణం కాదు.

రెండోది, ధర తీసేస్తే ఏం మిగులుతుందన్న ప్రశ్న. మదీనా ఇమామ్ మాలిక్, ప్రజలు తోలు ముక్కలను నాణెంగా చలామణి చేసుకున్నా సరే, వాటిని అరువు మీద బంగారానికో వెండికో మార్చుకోవడాన్ని తాను ఇష్టపడనని చెప్పినట్టు అల్ ముదవ్వనా అనే మాలికీ ఫిఖ్‌హ్ గ్రంథంలో ఉంది. తోలుకు ఆయన వడ్డీ నియమాన్ని వర్తింపజేశారంటే, ప్రజల వాడుక వల్ల దేనికైనా ద్రవ్య లక్షణం రాగలదని అంగీకరించినట్టే. మరో ప్రాచీన పండితుడు ఇబ్ను తైమియా కూడా దీనార్, దిర్హమ్‌లకు ప్రకృతి విధించిన హద్దు గాని షరీఅత్ విధించిన హద్దు గాని లేదనీ, అది జనుల ఆచారానికి సంబంధించిన విషయమనీ రాశారు. బిట్‌కాయిన్ ఇంకా ఆ స్థాయికి రాలేదని తాలిబె ఇల్మ్ గారు అన్నది నిజమే. రాకపోతే అది డబ్బు కాదు, అంతే. కొని అమ్ముకునే సరుకు ఎందుకు కాకూడదు? ఎవరి అనుమతీ అక్కర లేకుండా, దేశాల సరిహద్దులు దాటి విలువను చేరవేసే వ్యవస్థలో చోటు అన్నదే దాని ప్రయోజనం. హనఫీయేతర ఫిఖ్‌హ్ సంప్రదాయాలు ప్రయోజనాన్ని కూడా మాల్‌గానే లెక్కిస్తాయి.

మీ చిన్నాన్న కొడుకు చెప్పినది ఈ తర్కమే. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరీఅత్ సలహా మండలి 2020లో డిజిటల్ ఆస్తులను మాల్‌గా గుర్తించి, నమోదైన ఎక్స్ఛేంజీలలో వాటి క్రయవిక్రయాలు సూత్రరీత్యా అనుమతించదగినవే అని తీర్మానించింది. ఏ ఆధారమూ లేని నాణేన్ని సరుకుగా లెక్కగట్టింది. బంగారం, వెండి, కరెన్సీ వెన్నుదన్నుగా ఉన్న నాణేలకు మాత్రం కరెన్సీ మార్పిడి నియమాలు వర్తిస్తాయని చెప్పింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో ఇచ్చిన నిర్ణయాన్ని కూడా చాలామంది సగమే చెబుతారు. క్రిప్టోను కరెన్సీగా వాడడం హరామ్ అన్నది, నిజం. సరుకుగా అమ్మాలంటే వాస్తవ రూపం, విలువ, తెలిసిన పరిమాణం, యాజమాన్యం, అప్పగింత సామర్థ్యం ఉండాలన్నది. ఆ షరతులు నెరవేరి, వెనుక ఒక ఆధారమూ స్పష్టమైన ప్రయోజనమూ ఉన్నదాన్ని అమ్మవచ్చని కూడా అన్నది. ఇక తాలిబె ఇల్మ్ గారు పేర్కొన్న జిద్దా అకాడమీ 2019 నవంబరులో దుబాయ్ సమావేశంలో ఈ విషయాన్ని చర్చించి, తుది హుకుమ్ ఇవ్వకుండా మరింత అధ్యయనం జరగాలని సిఫారసు చేసింది. అంత పెద్ద సభ ఆగి ఆలోచించిన విషయంలో మనం ఒకరినొకరు దీన్ విషయంలో అలసత్వం చూపారని నిందించుకోకూడదు.

సోదరా, మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది, అన్నిటికీ ఒకే హుకుమా అన్న మాట. కాదు. ఒక ఒప్పందం పేరును బట్టి కాక దానిలో జరిగే పనిని బట్టి హుకుమ్ వస్తుంది. డబ్బు చెల్లించి బిట్‌కాయిన్ కొని మీ ఆధీనంలో ఉంచుకోవడంలోనే పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. ఫ్యూచర్స్ దగ్గరకు వచ్చేసరికి ఆ భేదం దాదాపు మాయమవుతుంది. అక్కడ మీరు నాణేన్ని కొనరు; ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద తేడాను చెల్లించుకునే ఒప్పందం రాసుకుంటారు. ఎక్స్ఛేంజీ మీకు అప్పు ఇచ్చినట్టుగా పదింతలు, యాభై ఇంతలు బేరం చేయనిస్తుంది; గంటల లెక్కన ఒక పక్షం మరో పక్షానికి రుసుము కడుతుంది; ధర కాస్త అటు తిరిగితే మీ జామీను మొత్తాన్ని స్వాధీనం చేసుకుంటుంది. నీ దగ్గర లేనిదాన్ని అమ్మకు అని హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు ప్రవక్త (స) చెప్పిన మాటకు ఇది నేరుగా ఎదురు. జిద్దా అకాడమీ 1992లోనే ఆప్షన్లను, నేడు మార్కెట్లలో నడిచే తీరులోని ఫ్యూచర్స్‌ను ధర్మబద్ధం కాదని తీర్మానించింది. దయచేసి ఆ విభాగాన్ని తెరవకండి. నేను అనుమతి పక్షాన మాట్లాడుతున్నవాణ్ణి కాబట్టే దీన్ని గట్టిగా చెబుతున్నాను. అనుమతి అన్న మాటను చేతపట్టుకుని ఇందులో దిగి, తల్లి బంగారం తాకట్టు పెట్టినవాళ్లను నేను చూశాను.

మీ నాణేలు మాకివ్వండి, ఏడాదికి ఇంత శాతం ఇస్తాం అన్న పథకంలో అసలు భద్రం, శాతం ముందే ఖాయం అయితే అది అప్పు మీద వడ్డీ, దానికి ఏ పేరు పెట్టినా సరే. టెర్రా పతనానికి ముందు దాని పొదుపు పథకం ఏడాదికి సుమారు 20 శాతం ఆశ చూపింది. ఇథీరియమ్ వంటి క్రిప్టో వ్యవస్థల్లో లావాదేవీలను ధ్రువీకరించే పనికి నాణేలను పందెంగా కాక హామీగా నిలిపి, ఆ సేవకు ప్రతిఫలం పొందడం (దీన్ని స్టేకింగ్ అంటారు) వేరు. 2022 సెప్టెంబరు నుంచి ఇథీరియమ్ ఈ పద్ధతిలోనే నడుస్తోంది, కొందరు సమకాలీన పండితులు దీన్ని సేవకు కూలిగా చూసి అనుమతిస్తున్నారు. కాని ఎక్స్ఛేంజీలు ఆ పేరు పెట్టి అప్పు పథకాలను అమ్మడం సర్వసాధారణం, కాబట్టి షరతులు చదవకుండా పేరును నమ్మవద్దు. ఇక ఒక బొమ్మ మీదో, ఒక ప్రముఖుని పేరు మీదో పుట్టి, పుట్టించినవాళ్లే ముందుగా అమ్ముకుని వెళ్లిపోయే నాణేల సంగతికి వస్తే, వాటిని సమర్థించే వాదన నా దగ్గర ఏదీ లేదు.

విజయవాడ ఆడిటర్

నేను ముస్లింను కాను, ధర్మనిర్ణయంలో జోక్యం చేసుకోను. కాని కువైట్ విషయం చదివి, అందులోని ప్రమాదం చెప్పకుండా ఉండలేకపోయాను.

కువైట్ ప్రభుత్వం 2023 జులైలో వర్చువల్ ఆస్తులను (క్రిప్టో వంటివాటిని) చెల్లింపులకు, పెట్టుబడికి వాడడాన్నీ, మైనింగ్‌నూ (కంప్యూటర్లతో కొత్త నాణేలను పుట్టించడాన్నీ) పూర్తిగా నిషేధించింది. దుబాయ్‌లో దీనికి ప్రత్యేక నియంత్రణ సంస్థ ఉంది కదా అని కువైట్‌లోనూ అలాగే ఉంటుందనుకోవద్దు. మీ అన్నగారు అక్కడ నివాస అనుమతి మీద ఉన్న ఉద్యోగి. నాలుగు దీనార్ల రుసుము ఆదా చేసుకోబోయి ఉద్యోగానికీ, ఉండే హక్కుకూ ముప్పు తెచ్చుకోవడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

ఇవతలి ఒడ్డున ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. మీరు టెథర్‌ను ముక్కూమొహం తెలియని ఒక కొనుగోలుదారుకు అమ్మితే అతను మీ ఖాతాలో రూపాయలు వేస్తాడు. ఆ రూపాయలు సైబర్ మోసంలో ఎవరో ఒక వృద్ధుని ఖాతా నుంచి కాజేసినవి కావచ్చు. బాధితుడు ఫిర్యాదు చేసిన రోజున పోలీసులు డబ్బు నడిచిన దారి పట్టుకుని వచ్చి మీ ఖాతాను నిలిపివేస్తారు; ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైందో ఆ రాష్ట్రపు పోలీసులతో మీరు ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలి. ఇలా ఖాతాలు స్తంభించి, జీతం కూడా తీసుకోలేని స్థితిలో నా దగ్గరికి వస్తున్నవారు తక్కువేమీ కాదు. దీనికి తోడు విదేశాల నుంచి వచ్చే సొమ్ము అధీకృత మార్గాల్లోనే రావాలన్నది మన విదేశీ మారకపు చట్టపు నియమం.

కొని ఉంచుకునే విషయానికి వస్తే, మన దేశంలో అది నేరం కాదు. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలందించరాదంటూ రిజర్వ్ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెపు లాభంలో కూడా తీసివేసుకోనివ్వరు. అదే ఏడాది జులై నుంచి అమ్మకపు మొత్తం మీద 1 శాతం పన్ను మూలంలోనే కోత (టీడీఎస్) పడుతోంది. 2023 మార్చి నుంచి ఎక్స్ఛేంజీలు అక్రమ ధన నిరోధక చట్టం కిందికి వచ్చాయి. అంటే ప్రభుత్వం పన్ను వేసింది, నిఘా పెట్టింది, కాని మీ సొమ్ముకు పూచీ ఇవ్వలేదు. 2024 జులైలో మన దేశంలోని ఒక పెద్ద ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి, ఖాతాదారుల ఉపసంహరణలు నెలల తరబడి నిలిచిపోయాయి. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా దీనికి లేదు.

రాయచోటి వాసి

ముగ్గురికీ అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వుగాక. ఆడిటర్ గారూ, మీరు హెచ్చరించకపోతే కువైట్ చట్టం సంగతి మాకు తెలిసేదే కాదు. ఈ రాత్రే అన్నకు ఫోన్ చేసి ఆ ఆలోచన మానుకోమని చెబుతాను.

ఇంకో రెండు మాటలు అడగాలి. మా దగ్గరి బంధువు ఒకరు ఇప్పటికే కొంత బిట్‌కాయిన్ కొని ఉంచుకున్నారు. రంజాన్‌లో జకాత్ లెక్క కట్టేటప్పుడు దాన్ని కలపాలా? ఒకవేళ నిషేధం వైపే ఆయన మనసు స్థిరపడితే, వచ్చిన లాభాన్ని ఏం చేయాలి? మరొకటి, టెథర్ విలువ సాధారణంగా ఒక డాలరు దగ్గరే ఉంటుంది కదా, ధర ఊగిసలాట పెద్దగా లేని అటువంటి నాణెంలో సొమ్ము నిలవ ఉంచుకోవడానికి కూడా అభ్యంతరం ఉందా?

పెనాంగ్ నుంచి

టెథర్ గురించి నేను చెబుతాను, జకాత్ సంగతి తాలిబె ఇల్మ్ గారికి వదిలేస్తాను.

డాలర్‌తో ముడిపడిన నాణేన్ని డాలర్‌కు ప్రతినిధిగా చూస్తే, దాన్ని రూపాయలకు మార్చుకోవడం కరెన్సీ మార్పిడి అవుతుంది. బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు గురించిన ఉబాదా బిన్ సామిత్ (రజి) హదీసు ప్రకారం, రకాలు వేరైనప్పుడు హెచ్చుతగ్గులతో మార్చుకోవచ్చు గాని చేతికి చేయిగా, అప్పటికప్పుడు జరగాలి. నాణేలు ఈరోజు పంపి రూపాయలు రేపు తీసుకునే బేరం అందుకే చెల్లదు. రెండోది, ఆ నాణేలకు వెన్నుదన్నుగా జారీదారు ఉంచే నిల్వలలో అధిక భాగం అమెరికా ప్రభుత్వపు స్వల్పకాలిక రుణపత్రాలు, వాటి మీద వచ్చే వడ్డీ జారీదారుకు పోతుంది. మీకు వడ్డీ అందదు కనుక మీరు వడ్డీ తిన్నట్టు కాదు. అయినా మీ సొమ్ముతో వడ్డీ వ్యాపారం నడుస్తుందని తెలిసి, ఏ అవసరమూ లేకుండా దాన్ని అక్కడ నిలవ ఉంచడం నాకు నచ్చదు. ఇది నా అభిప్రాయం. బ్యాంకు కరెంటు ఖాతాలోనూ ఇదే ఉంది కదా అనే పండితులు కూడా ఉన్నారు, వారి మాటా తోసిపుచ్చదగినది కాదు.

కువైట్ విషయంలో ఆడిటర్ గారు చట్టం చెప్పారు, నేను ధర్మం కలుపుతాను. వీసా తీసుకుని ఒక దేశంలో అడుగుపెట్టిన ముస్లిం, ఆ దేశం పాపానికి ఆజ్ఞాపించనంత వరకూ దాని నియమాలకు మాట ఇచ్చినట్టే. ఒప్పందాలను నెరవేర్చమన్న అల్ మాయిదా సూరా మొదటి ఆయతు దీనికీ వర్తిస్తుంది. కాబట్టి బిట్‌కాయిన్ హలాలే అని నమ్మే పండితుని అభిప్రాయం తీసుకున్నా, మీ అన్నగారు ఆ దారిన డబ్బు పంపడం సరికాదు.

తాలిబె ఇల్మ్

సోదరా, మాల్ అవుతుందనే అభిప్రాయం ప్రకారం, అమ్మే ఉద్దేశంతో కొన్న బిట్‌కాయిన్ వ్యాపార సరుకు వంటిదే. జకాత్ సంవత్సరం పూర్తయిన రోజున మార్కెట్‌లో దాని విలువ ఎంతో చూసి, దగ్గరున్న నగదు, బంగారం, వెండితో కలిపి, మొత్తం నిసాబుకు (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస పరిమితికి) చేరితే 2.5 శాతం ఇవ్వాలి. మన ప్రాంతంలో నగదుకు, సరుకుకు 612.36 గ్రాముల వెండి విలువనే నిసాబుగా తీసుకోవడం వాడుక. కొన్న ధర మీద గాని, నిరుటి గరిష్ఠ ధర మీద గాని లెక్క కట్టకూడదు. బంధువుగారు అభిప్రాయ భేదంలో అనుమతి పక్షాన్ని ఎంచుకుని దాన్ని ఉంచుకుంటే, జకాత్ దగ్గరకు వచ్చేసరికి ఇది మాల్ కాదట అని నిషేధ పక్షాన్ని ఆశ్రయించడం తగదు. పేదవాని హక్కు విషయంలో ఇలా పక్షం మార్చేవాళ్లు ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

ఒకవేళ ఆయన మనసు నిషేధం వైపు స్థిరపడితే, అమ్మివేసి తాను పెట్టిన అసలు తీసుకోవచ్చు. మిగిలిన లాభాన్ని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలన్నది ఆ పక్షపు పండితులు సాధారణంగా చెప్పే మార్గం. అయితే ఆయన ఒక ఆలిమ్ మాట నమ్మి కొన్నారా, తెలియక కొన్నారా అన్నదాన్ని బట్టి సమాధానం మారుతుంది కనుక, ఎప్పుడు కొన్నారు, ఏ ఎక్స్ఛేంజీలో, ఫ్యూచర్స్‌లో ఏమైనా చేశారా, శాతం ఇచ్చే పథకంలో పెట్టారా అన్న వివరాలన్నీ కాగితం మీద రాసి దారుల్ ఇఫ్తాకు తీసుకువెళ్లమనండి. క్రిప్టో హలాలా హరామా అని ఒక్క ముక్కలో అడిగితే ముఫ్తీ సాహెబ్ కూడా ఒక్క ముక్కలోనే జవాబిస్తారు. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు, అక్కడ జామియా నిజామియా ఉంది, అల్ మహద్ అల్ ఆలీ అల్ ఇస్లామీ ఉంది. లావాదేవీ ఎలా జరుగుతుందో ఫోనులో తెరిచి చూపించి మరీ అడగవచ్చు.

పెనాంగ్ సోదరుని గరర్ వివరణ బలమైనదని ఒప్పుకుంటాను. ధర ఊగిసలాటను మాత్రమే చూపి నిషేధించేవారి వాదన దాని ముందు నిలవదు. మాల్ విషయంలో మాత్రం నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను. ఎవరికీ అనుమతి అక్కర లేకుండా విలువను చేరవేయడమే దాని ప్రయోజనమని ఆయన అన్నారు. కొన్నవారిలో ఎక్కువమంది ఆ ప్రయోజనాన్ని ఒక్కసారి కూడా వాడుకోకుండా, యాప్‌లో అంకె పెరగడం కోసమే ఎదురుచూస్తున్నారు. 2018, 2019 సంవత్సరాలలో హలాల్ పెట్టుబడి అన్న మాట నమ్మి హైదరాబాద్‌లో, బెంగళూరులో వేలాది ముస్లిం కుటుంబాలు, వారిలో ఆడపిల్లల పెళ్లి కోసం దాచుకున్నవాళ్లు కూడా, డబ్బు పోగొట్టుకున్నారు. అవి క్రిప్టో సంస్థలు కావు. అయినా ఒక సరుకు మీద హలాల్ ముద్ర పడగానే మన సమాజం ఇంక ఏ ప్రశ్నా అడగకుండా వెళ్లిపోతుందని అప్పుడు తెలిసింది. అందుకే అనుమతి పక్షాన నిలబడే ఆలిమ్‌లు, కొనవచ్చు అన్న మాటతో పాటు ఎంత సొమ్ము మించకూడదో, ఎవరు కొనకూడదో, ఎక్కడ ఆగాలో కూడా అదే ఫత్వాలో రాయాలని నేను కోరుతున్నాను. పెనాంగ్ సోదరా, మీ దగ్గరి మండలి తీర్మానాలలో అటువంటి షరతులు ఏమైనా ఉంటే తెలుగులో ఇక్కడ రాయండి.